పక్షవాతం, స్టెరాయిడ్లు, మా అమ్మీజాన్

ఉర్దూలో 'ఫాలిజ్' అంటాము. తెలుగులో 'పక్షవాతం' అంటాము. అరబ్బీలో 'ఫలజ' అనే ధాతువునకు రెండుగా చీల్చుట అని అర్థం. సంస్కృతంలో 'పక్షము' అనగా ఒక ప్రక్క, లేక ఒక రెక్క. ఎక్కడెక్కడో పుట్టిన రెండు భాషలు ఈ వ్యాధిని చూచి ఒకే మాట చెప్పినవి: మనిషి సగమైపోయినాడని. వెయ్యేండ్ల క్రిందటనే ఇబ్నె సీనా తన వైద్యగ్రంథం 'అల్ ఖానూన్'లో, మనిషి స్పృహ తప్పి కూలిపోయే స్థితిని 'సక్తా' అనీ, ఒక ప్రక్క చచ్చుబడిన స్థితిని 'ఫాలిజ్' అనీ వేరుచేసి వివరించినాడు. పేరు పాతదే, భయమూ పాతదే. ఆ భయం ఇంటిలోకి అడుగుపెట్టినప్పుడు మనం ఏ మందును నమ్మాలి, ఎవరి మాట వినాలి అనేదే ప్రతి తరం వారికీ క్రొత్త ప్రశ్నగా ఎదురవుతుంది.

ఈ కళాశాలలో నేను జంతుశాస్త్రం బోధిస్తున్నాను. అంతస్స్రావ గ్రంథుల పాఠంలో స్టెరాయిడ్ హార్మోన్ల గురించి ప్రతి సంవత్సరమూ చెపుతూనే ఉన్నాను. విద్యార్థులు వ్రాసుకుంటారు, పరీక్షలలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు. అటువంటి పాఠం ఒకనాడు ఆసుపత్రి వరండాలో బంధువుల మధ్య వాదప్రతివాదాలకు కారణం కాగలదని, దానిపై మా అమ్మీజాన్ ప్రాణం ఆధారపడగలదని ఎవరు మాత్రం ఊహించగలరు? ఆ అనుభవం నాకు నేర్పిన విషయాలు మన విద్యార్థులకు, వారి ఇండ్లలోని పెద్దలకు ఉపయోగపడునని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా వ్యాధి స్వరూపం కొంత తెలుసుకోవడం అవసరం. పక్షవాతం చేతిలోనో కాలిలోనో పుట్టే వ్యాధి కాదు. అది మెదడులో పుడుతుంది. మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళం గడ్డతో మూసుకొనిపోవచ్చును, లేదా చిట్లి రక్తం లోపల కారవచ్చును. ఎక్కువగా కనిపించేది మొదటి రకమే. మెదడు కణానికి నిలువ సొమ్ము అంటూ లేదు; ఏ నిమిషపు శక్తిని ఆ నిమిషమే రక్తం నుండి తెచ్చుకోవాలి. ఆ శక్తి 'ఏటీపీ' అనే పదార్థం రూపంలో ఉంటుంది. 1929లో ఆ పదార్థాన్ని కనుగొన్న వారిలో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని విద్యార్థులు గర్వంగా గుర్తుంచుకోవాలి. రక్తం ఆగిపోగానే ఏటీపీ తరిగిపోతుంది. కణంలోని ఉప్పును, నీటిని బయటికి తోడే పంపులు నిలిచిపోతాయి. కణం నీరు పట్టి ఉబ్బి, చివరకు చనిపోతుంది. పెద్ద రక్తనాళం మూసుకొనిపోయిన రోగిలో చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టినాడు. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ మూడు గంటల లోపల ఇస్తే మేలు కలుగుతుందని 1995లో రుజువైనది. 2008 నాటికి ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగినది. ఆ గడియలు దాటిన తరువాత చికిత్సామార్గాలు ఇరుకైపోతాయి.

ఇక స్టెరాయిడ్ల విషయం. 'హార్మోన్' అనే మాటను 1905లో స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రయోగంలోకి తెచ్చినాడు. గ్రీకు భాషలో దాని మూలార్థం 'మేల్కొలుపుట'. హార్మోన్లలో ఒక పెద్ద కుటుంబం స్టెరాయిడ్లది. మనం గుండెకు శత్రువుగా తలచే కొలెస్టిరాలే ఈ కుటుంబానికి మూలపదార్థం. దానినుండి అధివృక్క గ్రంథి కార్టిసాల్‌నూ ఆల్డోస్టిరాన్‌నూ, అండాశయం ఈస్ట్రోజెన్‌నూ ప్రొజెస్టిరాన్‌నూ, వృషణం టెస్టోస్టిరాన్‌నూ తయారు చేస్తాయి. ఒకే తల్లి బిడ్డలైనా ఒక్కొక్కదాని గుణం ఒక్కొక్కటి. బజారులో 'స్టెరాయిడ్' అనే ఒక్క పేరు క్రింద అన్నిటినీ కలిపి మాట్లాడుకోవడంలోనే సగం అనర్థం ఉన్నది.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచాన పడిన ఒక స్త్రీకి మొట్టమొదటగా కార్టిసోన్ ఇచ్చినారు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచినది. ప్రపంచం ఆశ్చర్యపోయినది. 1950లో కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమానం లభించినది. కాని అదే మందు ఎక్కువకాలం వాడినవారికి ముఖం చంద్రబింబంలా ఉబ్బుట, చర్మం పలుచబడుట, ఎముకలు గుల్లబారుట, రక్తపోటూ చక్కెరా పెరుగుట వంటి కష్టాలు కలుగుతాయని త్వరలోనే తెలిసినది. ఇది వైద్యుని చేతిలో అమృతమే. పొట్లంలో చుట్టి పేరు లేకుండా అమ్మితే ఏమవుతుందో మా ఇంటిలో చూచినాము.

అమ్మీజాన్‌కు డెబ్బై రెండేండ్లు. ఇరవై ఏండ్లుగా రక్తపోటు ఉన్నది. దానికి మాత్రలు వాడుతూనే ఉన్నది. మోకాళ్ళ నొప్పి మాత్రం ఆమెను లోలోపల కృంగదీసినది. నమాజులో సజ్దాకు వంగలేక, కుర్చీపై కూర్చొని చదువవలసి వచ్చినందుకు ఆమె పడిన బాధ నొప్పికంటె పెద్దది. ఊరిలో ఉన్న మా అన్నగారి ఇంటికి వారానికొకసారి సైకిలుపై వచ్చే ఒక మందుల మనిషి ఆమెకు చూర్ణం పొట్లాలు ఇచ్చినాడట. పొట్లంపై పేరు లేదు, ఊరు లేదు. అన్నీ మూలికలేనని చెప్పినాడు. మూడవనాటికే నొప్పి తగ్గినది. ఆమె మరల చాపమీద సజ్దా చేసినది. ఇక ఆ పొట్లాలను ఆమె ఎవరికి చూపుతుంది? పిల్లలు వద్దంటారని ట్రంకుపెట్టెలో చీరల క్రింద దాచుకొని, పదునాలుగు నెలలు వాడినది. ముఖం నిండుగా అయినదని, ఆరోగ్యం కుదుటపడినదని చూచినవారు సంతోషించినారు.

ఒక తెల్లవారుజామున వజూ చేస్తూ కుడివైపుకు ఒరిగిపోయినది. మాట పడిపోయినది. అన్నగారు కారు మాట్లాడుకొని పట్టణంలోని ఆసుపత్రికి చేర్చేసరికి ఆరు గంటలు గడచినవి. మెదడు ఎడమభాగంలో నాళం మూసుకొనిపోయినదని స్కానులో తేలినది. గడ్డ కరిగించే మందుకు గడువు దాటినది.

వార్డులో మమ్ములను చేరదీసి అడిగిన డాక్టరుగారి మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "అమ్మగారు ఏయే మందులు వాడుతున్నారు? ఆకు పసరులు, చూర్ణాలు, బలం సూదులు, అన్నీ చెప్పండి. ఏదీ దాచవద్దు" అన్నారు. మేము రక్తపోటు మాత్రల పేర్లు చెప్పినాము. ఆయన తృప్తిపడక, అమ్మీజాన్ ముంజేతులపై ఉన్న నల్లని కమిలిన మచ్చలు చూపినారు. పలుచబడిన చర్మం, నిండుగా ఉబ్బిన ముఖం, సన్నబడిన తొడలు చూపినారు. మా బాజీ ఆ రాత్రే ఊరికి పోయి ట్రంకుపెట్టె వెదకి పొట్లాలు తెచ్చినది. ఉదయపు రక్తపరీక్షలో అమ్మీజాన్ శరీరం స్వయంగా తయారు చేసే కార్టిసాల్ అతి తక్కువగా ఉన్నట్లు వచ్చినది. నొప్పుల చూర్ణాలలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం తాము చాలా చూచినామని, ఇదీ ఆ కోవలోదేనని డాక్టరుగారు నిర్ధారణకు వచ్చినారు.

ఈ సూత్రం మనం తరగతిలో చదువుకొనేదే. బయటనుండి స్టెరాయిడ్ వస్తుంటే, 'ఇక చాలు' అనుకొని పీయూష గ్రంథి తన ఆజ్ఞలను నిలిపివేస్తుంది. ఆజ్ఞ లేని అధివృక్క గ్రంథి పని మాని క్షీణిస్తుంది. అటువంటి స్థితిలో మందు ఒక్కసారిగా ఆగిపోతే, కష్టకాలంలో శరీరానికి కావలసిన కార్టిసాల్ ఎక్కడినుండి వస్తుంది? రక్తపోటు పడిపోయి, చక్కెర తగ్గి మనిషి ప్రాణాపాయంలో పడవచ్చును. వ్యాధి వచ్చినది మెదడుకు. కాని పొట్లం సంగతి బయటపడకుంటే ప్రమాదం మరొకవైపునుండి కూడా వచ్చేది. పక్షవాతానికి ఆ పొట్లాలే కారణమా అని అన్నగారు అడిగినప్పుడు డాక్టరుగారు తొందరపడి అవునని చెప్పలేదు. "ఇరవై ఏండ్ల రక్తపోటు ఉన్నది. ఈ మందు దానిని పెంచి ఉండవచ్చును, చక్కెరనూ పెంచి ఉండవచ్చును. ఇంత భాగం దీనిది, ఇంత భాగం దానిదని త్రాసులో తూచి చెప్పలేము" అన్నారు. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లయినదని బాజీ ఏడ్చినది.

మరునాడు హైదరాబాదునుండి మా మామూ వచ్చినారు. అమ్మీజాన్‌కు తమ్ముడు, అక్క అంటే ప్రాణం. ఆయనకు తెలిసినవారొకరికి మెదడులో కంతి ఏర్పడి, స్పృహ తప్పితే, డెక్సామెథసోన్ ఇంజక్షన్ ఇవ్వగానే రెండు రోజులలో లేచి కూర్చున్నాడట. "ఆపాకు కూడా మెదడులో వాపే అంటున్నారు గదా, మరి ఆ సూది ఎందుకివ్వరు? వయస్సు మళ్ళినవారని అలక్ష్యమా?" అని ఆయన వరండాలో గట్టిగా అడిగినారు. ప్రశ్న ఆవేశంలో పుట్టినదే అయినా అర్థంలేనిది కాదు. ఒకప్పుడు ప్రపంచంలోని గొప్ప వైద్యులే అట్లా ఆలోచించి ఎందరికో ఆ మందు ఇచ్చినారు.

సమాధానం వాపు యొక్క జాతిలో ఉన్నది. కంతి చుట్టూ వచ్చే వాపు, రక్తనాళాల గోడలు కారడం వల్ల వస్తుంది. డెక్సామెథసోన్ ఆ కారుటను అరికడుతుంది. పక్షవాతంలో మొదట వచ్చే వాపు, పైన చెప్పినట్లు, శక్తి లేక కణమే నీరు పట్టడం వల్ల వస్తుంది. గోడకు సున్నం కొట్టినంత మాత్రాన ఇంటిలోపల పగిలిన కుండ అతుకుకొనునా? ఇది ఊహ మాత్రమే కాదు, పరీక్షించి చూచినారు. 1986లో కెనడాకు చెందిన నోరిస్, హచిన్‌స్కీ అనే వైద్యులు పక్షవాత రోగులలో కొందరికి అధిక మోతాదు డెక్సామెథసోన్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చినారు, మేలు కనబడలేదు. 1987లో బాంకాక్ నగరంలో మెదడులో రక్తస్రావం జరిగిన 93 మందిపై జరిగిన పరీక్షలో మరణాలు తగ్గలేదు సరికదా, మందు పొందినవారిలో అంటురోగాలు, చక్కెరవ్యాధి ఉపద్రవాలు అధికమైనవి. తలకు దెబ్బతగిలిన వారి విషయంలో ఇంకా పెద్ద పాఠం 2004లో వచ్చినది. 10,008 మందిపై చేసిన ఆ పరిశోధనలో, రెండు వారాలలోపల మరణించినవారు స్టెరాయిడ్ పొందినవారిలో నూటికి 21.1, పొందనివారిలో 17.9. అంతకుముందు ఎన్ని దశాబ్దాలు ఎందరు రోగులు సదుద్దేశంతో ఇచ్చిన ఆ మందు వలన నష్టపోయినారో తలచుకొంటే గుండె బరువెక్కుతుంది.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. 2024లో చైనా దేశంలో, పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం పంపి తీసివేసిన 1,680 మంది రోగులకు, కొద్దిపాటి మోతాదులో మరొక స్టెరాయిడ్ మూడు రోజులు ఇచ్చి పోల్చినారు. రోగుల అవిటితనం మొత్తంమీద తగ్గినట్లు రుజువు కాలేదు. మరణాలు మాత్రం కొంత తక్కువగా కనిపించినవి. కనుక శాస్త్రం తలుపు మూసి తాళం వేయలేదు. కాని అది ప్రత్యేక చికిత్స పొందిన ప్రత్యేక రోగుల సంగతి. వార్డులోని ప్రతి పక్షవాత రోగికీ వర్తించదు.

డాక్టరుగారు ఇదంతా మామూకు నిదానంగా చెప్పినారు. మామూ విన్నారు; కాని మరునాడు మందుల చీటీ చూచి మరల ఆగ్రహించినారు. "స్టెరాయిడ్ పనికిరాదన్నారు. మరి ఇదేమిటి? హైడ్రోకార్టిసోన్ అని మీరే వ్రాసినారు గదా!" డాక్టరుగారు నవ్వలేదు, విసుగుకోలేదు. "సాహెబ్, ఇది మెదడుకు ఇస్తున్న మందు కాదు. అమ్మగారి గ్రంథి నిద్రపోతున్నది. అది లేచేవరకు దాని జీతం మనం ఇస్తున్నాము. శరీరానికి ఎంత కావలెనో అంతే, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి మానిపిస్తాము" అన్నారు. మామూ చాలాసేపు మౌనంగా ఉండి, ఆ చీటీని మడచి తన జేబులో పెట్టుకొని తామే మందులు కొని తెచ్చినారు. ఒకే పదార్థం ఒక కారణానికి నిషిద్ధం, మరొక కారణానికి ప్రాణాధారం. నేను ఎన్నో ఏండ్లు బోధించిన పాఠంలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణను చూచి ఉండలేదు.

ఆ రాత్రులలో నేను ఈ విషయంపై దొరికినంత చదివినాను. స్త్రీ హార్మోన్ల కథ మరీ ఆలోచింపజేసేది. ముట్లు ఆగకముందు స్త్రీలకు, అదే వయస్సు పురుషులకంటె, పక్షవాతం తక్కువ. ప్రయోగశాలలోని ఎలుకలలో ఈస్ట్రోజెన్ మెదడును కాపాడినట్లు ఎన్నో పరిశోధనలు చెప్పినవి. మరి ముదుసలి స్త్రీకి అదే హార్మోన్ తిరిగి ఇస్తే? 2001లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, అంతకుముందే పక్షవాతం లేక దాని ముందస్తు హెచ్చరిక వచ్చిన 664 మంది స్త్రీలను పరీక్షించినారు. వారి సగటు వయస్సు 71, సరిగా మా అమ్మీజాన్ ఈడు. ఈస్ట్రోజెన్ వలన వారికి మరల పక్షవాతం రాకుండా ఆగలేదు. ప్రాణాంతకమైన పక్షవాతాలు ఆ వైపే ఎక్కువగా కనిపించినవి. తరువాత వేలాది స్త్రీలపై సాగిన మరొక మహాపరిశోధనలో, 2002లో ఒక భాగాన్ని, 2004లో రెండవ భాగాన్ని గడువుకు ముందే ఆపివేసినారు. రెండింటిలోనూ హార్మోన్ పొందినవారికి పక్షవాతం అధికమైనది. ప్రొజెస్టిరాన్ కథా అంతే. మెదడు తానే స్వయంగా స్టెరాయిడ్లను తయారుచేసుకొంటుందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బోల్యూ 1981లో వెల్లడించి వాటికి 'న్యూరోస్టెరాయిడ్లు' అని పేరుపెట్టినప్పటినుండి ఆశలు పెరిగినవి. ఎలుకలలో ఫలితాలు బాగున్నవి. కాని తలకు దెబ్బతగిలిన మనుష్యులపై జరిగిన రెండు పెద్ద పరీక్షలు 2014లో నిష్ఫలమని తేలినవి. ఎలుక వయస్సులో ఉన్నది, దెబ్బ తగిలిన గడియ తెలుసు, మందు సమయానికి అందుతుంది. మన ముదుసలులకు గట్టిపడిన నాళాలు, రక్తపోటు, చక్కెర, ఆసుపత్రికి ఆరు గంటల దారి. ఎలుకనుండి మనిషికి ఉన్న దూరం మనం అనుకొన్నదానికంటె ఎక్కువ.

బయటి హార్మోన్ల మాట అటుంచి, రోగి శరీరంలోనే పుట్టే కార్టిసాల్ సంగతి కూడా గమనింపదగినది. శరీరానికి ఏ ఆపద వచ్చినా అధివృక్క గ్రంథి ఒకే తీరున స్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే చెప్పినాడు. ఆ హార్మోన్ ఎలుక మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో నిలుస్తుందని 1968లో మెక్యూయెన్ బృందం చూపినది. పక్షవాతం వచ్చిన వృద్ధులలో కార్టిసాల్ ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కలతచెంది, తక్కువగా కోలుకొనుట పలువురు వైద్యులు గమనించినారు. అది కారణమా, లేక వ్యాధి తీవ్రతకు గుర్తు మాత్రమేనా అనే వాదన ఉన్నది. ఏమైనా, రోగికి నిద్ర, నిశ్శబ్దం, ధైర్యం అవసరమనుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. మంచం చుట్టూ ఇరవైమంది చేరి ఏడ్వడం మన ఇండ్లలో ప్రేమకు గుర్తు. అమ్మీజాన్ మాటలాడలేకున్నా అంతా వింటున్నదని బాజీ కనిపెట్టి, ఏడ్చేవారిని వరండాలోకి పంపించివేసినది.

ఇంటికి తెచ్చిన తరువాత ఇరుగుపొరుగువారి సలహాలు మొదలైనవి. ఒకరు బలం సూది వేయించమన్నారు. ఆ సూదులలో కొన్ని, పురుష హార్మోన్‌ను పోలిన స్టెరాయిడ్లే. అవి కండను పెంచగలవన్నది నిజమే; కాని చచ్చుబడిన చేతిలో లోపించినది కండ కాదు, దానికి మెదడునుండి రావలసిన ఆజ్ఞ. పైగా 2023లో వెలువడిన పరిశోధనలో, టెస్టోస్టిరాన్ తగ్గిన 5,200 మందికి పైగా పురుషులలో, ఆ హార్మోన్ పొందినవారికి గుండెపోట్లు పెరగకపోయినా, గుండె లయతప్పి కొట్టుకొనే వ్యాధి ఎక్కువగా కనిపించినది. ఆ లయతప్పుటే గడ్డలకూ, గడ్డలు పక్షవాతానికీ దారితీసే మార్గాలలో ఒకటి. పురుషులకే అట్లా ఉంటే, డెబ్బై రెండేండ్ల స్త్రీకి వైద్యుని మాట లేకుండా ఆ సూది ఎవరు వేయించగలరు?

మరి కోలుకొనేదెట్లా? ఇక్కడ శాస్త్రం చెప్పేది వినడానికి చప్పగా ఉంటుంది: అభ్యాసం, ఓర్పు, కాలం. చచ్చిన కణాలు తిరిగి రావు. కాని బ్రతికిన కణాలు క్రొత్త దారులు వేసుకొంటాయి. అవి ఎంతగా పనిచేయిస్తే అంతగా నేర్చుకొంటాయి. 2006లో 222 మంది రోగులపై జరిగిన ఒక అమెరికా పరిశోధనలో, బాగున్న చేతికి తొడుగు వేసి కట్టడి చేసి, బలహీనమైన చేతితోనే రెండు వారాలు పనులు చేయించినారు. వచ్చిన మేలు సంవత్సరం తరువాత కూడా నిలిచినది. అయితే అభ్యాసానికీ వేళ ఉన్నది. మొదటి ఇరవైనాలుగు గంటలలోనే రోగిని మంచంనుండి లేపి గట్టిగా నడిపిస్తే మేలనుకొని 2,104 మందిపై పరీక్షించగా, నెమ్మదిగా మొదలుపెట్టినవారే బాగా కోలుకొన్నారని 2015లో తేలినది. మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగుల కుటుంబసభ్యులకు తర్ఫీదునిచ్చి ఇంటివద్దనే వ్యాయామం చేయించిన పరిశోధన 2017లో వెలువడినది. అదనపు ప్రయోజనం కనబడలేదు. ప్రేమ ఒక్కటే చాలదు, శిక్షణ పొందిన వ్యాయామ చికిత్సకులు కావాలని దాని సారాంశంగా నేను గ్రహించినాను. పక్షవాత రోగులకై ప్రత్యేకించిన వార్డులు, వాటిలోని నర్సులు, చికిత్సకులు ఎందరి ప్రాణాలనో నిలిపినారు. ఏ హార్మోన్ సూదీ ఇంతవరకు ఆ పని చేయలేదు.

మన కళాశాల వారికి ఆనందం కలిగించే మాట ఒకటి ఉన్నది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడిగారి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించినది. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా నిలిచినవారు, ఒకే భాష తెలిసినవారిలో నూటికి సుమారు 20. రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు తెలిసినవారిలో సుమారు 40. మాట పడిపోవడం మాత్రం ఇరువురిలోనూ సమానమే. ఉర్దూ, తెలుగు రెండూ చెవిన పడే మన తరగతి గదులు భవిష్యత్తుకు ఏదో నిలువచేస్తున్నవని నాకు తోచినది. అమ్మీజాన్ ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనిషి. ఇరవైయొకటవ నాడు ఆమె నోటినుండి వచ్చిన మొదటి మాట 'నీళ్ళు'. మామూ కండ్ల నీళ్ళతో, 'ఆపా, పానీ అనండి' అని బ్రతిమాలినారు. పదిరోజులకు అది కూడా వచ్చినది.

ఇప్పటికి పదకొండు నెలలైనది. అమ్మీజాన్ చేతికర్రతో వరండా వరకు నడుస్తుంది. కుడిచేతితో గ్లాసు పట్టుకోగలదు. తస్బీహ్ పూసలు త్రిప్పలేదు, ఎడమచేతితో త్రిప్పుతుంది. హైడ్రోకార్టిసోన్ మెల్లమెల్లగా తగ్గించి మొన్న రంజాన్ తరువాత మానిపించినారు. గ్రంథి మేల్కొన్నదని రక్తపరీక్ష చెప్పినది. మోకాళ్ళ నొప్పి మాత్రం తిరిగి వచ్చినది. "ఆ పొట్లం మనిషి మంచివాడే, నొప్పి తెలిసినవాడు" అని ఆమె నేటికీ అంటుంది. ఆమెతో వాదించలేము. నొప్పి తీర్చేవాడు దొరకనిచోట పొట్లం అమ్మేవాడు వస్తాడు. ఈ సత్యాన్ని విస్మరించి వృద్ధులను మందలించడం వలన ప్రయోజనం లేదు.

విద్యార్థి మిత్రులారా! సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు మీ దాదీ, నానీ, అమ్మమ్మ, తాతయ్యల మందుల డబ్బా ఒకసారి చూడండి. పేరులేని పొట్లం కనబడితే కోపగించవద్దు, పారవేయవద్దు. చాలాకాలం వాడినదాన్ని ఒక్కనాడు మానిపించడమే ప్రమాదం కావచ్చును. దానిని చేతబట్టుకొని వారిని డాక్టరు వద్దకు తీసుకొనివెళ్ళండి. ముఖం ఒక ప్రక్కకు వంగినా, చేయి జారినా, మాట తడబడినా గడియారం చూచుకొని అదే క్షణంలో బయలుదేరండి.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒకటి. సంవత్సరానికొక పర్యాయం మన జాతీయ సేవా పథకం విద్యార్థుల సహకారంతో, చుట్టుప్రక్కల మొహల్లాలలోని వృద్ధులకు రక్తపోటు, చక్కెర పరీక్షలు, మోకాళ్ళ నొప్పులకు అర్హుడైన వైద్యుని సలహా ఒకే చోట లభించే ఏర్పాటు చేయవలెనని ప్రార్థిస్తున్నాను. రక్తపోటు చూచే పరికరాలు రెండు మా శాఖలో ఉన్నవి. పిల్లలకు వాటిని ఉపయోగించుట నేర్పే బాధ్యత నేను స్వీకరిస్తాను. అనుమతి లభిస్తే వచ్చే విద్యాసంవత్సరం మొదటి నెలలోనే ఆరంభించగలము.